దారి తప్పలేదని చెప్పాను

ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ బరువును వెంటబెట్టుకునే ఆరాధనకు వెళ్తున్నాను. నేను మోకరిస్తే అదీ మోకరిస్తుంది. నేను లేస్తే అదీ లేస్తుంది. దేవునికి తెలియనిది కాదు. ఆయనకు తెలిసినదాన్ని మళ్ళీ మీకెందుకు చెప్పడం? నాకే సరిగ్గా తెలియదు. మీరు మా సంఘంవారు కారు. నా ముఖం ఎరగరు. అందుకే చెప్పగలననిపించింది.

మా అప్ప, అంటే మా అక్క, సంగతి ఇది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను అప్పే పెంచింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వాక్యం వల్లె వేయించింది. బావ పోయాక గుణుపురంలో మా ఇంటికి వచ్చేసింది. అప్పటికి యాభై దాటి ఎంతో కాలేదు. మా ఆయన రాయగడలో రైలు పనిలో ఉండి నెలకోసారి వచ్చేవారు. ఇంట్లో మేమిద్దరమే.

మొదట అప్పకు మాటలు తట్టేవి కావు. తర్వాత కూరలో ఉప్పు వేసి మళ్ళీ వేసేది. ఒక సంతరోజున, మాకు కొండ మీదినుంచి చింతపండు తెచ్చిచ్చే సవర ఆవిడ అప్ప చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టింది. మా వీధి మొదట్లోనే నిలబడి, ఇల్లు ఎటో తెలియక ఏడుస్తోందట. ఎవరికీ చెప్పకమ్మా అని ఆవిడ కొంగులో ఉప్పు పోశాను.

ఉపవాసముండి ప్రార్థించాను. ఒక ఉదయం అప్ప తనంతట తాను లేచి, గంజి వార్చి, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ ఆదివారమే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, ప్రభువు మా అప్పకు మతి తిరిగి ఇచ్చాడని. మా సంఘంలో సాక్ష్యమంటే ఊరికే అన్న మాట కాదు. దేవుని పేరున అన్నది; దాన్ని వెనక్కి తీసుకుంటే మనుషులు వేలెత్తి చూపేది నన్ను కాదు, ఆయన్నని నమ్మేదాన్ని. అందరూ స్తోత్రం అన్నారు. తల్లులు బిడ్డల్ని తెచ్చి నా చేత ప్రార్థన చేయించుకున్నారు. అది నాకు బాగుంది. ఇదీ రాయాలి కదా. బాగుంది.

మళ్ళీ ఆదివారం రాకముందే అప్ప నన్ను అమ్మ పేరుతో పిలిచింది. ఆ సంగతి లోపలే దాచుకున్నాను.

మా ఆయన వచ్చి ఒక పూట చూశారు. "ప్రార్థన మానమన్లేదు. డాక్టరికీ సూపిద్దాం" అన్నారు. బస్సెక్కించి కోరాపుట్ వైపు ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు కోస్తా వైపు మనిషి, తెలుగువాడే. తొందరపడలేదు. కళ్ళలోకి దీపం వేసి చూశాడు, మోకాళ్ళ మీద తట్టాడు, మెడ తడిమాడు, రక్తం తీశాడు. తలకు దెబ్బ తగిలిందా, జ్వరాలు వచ్చాయా అని అడిగాడు. ఒక్కొక్క కారణాన్నీ పక్కకు తీసిపెడుతున్నట్టు అనిపించింది. తర్వాత మూడు పేర్లు చెప్పాడు: కత్తెర, తామర, కుంచం. గుర్తుంచుకోమన్నాడు. కాసేపటికి అవేవో చెప్పమన్నాడు.

అప్ప నవ్వింది. "అవి మీ దగ్గరే ఉంచుకోండి బాబూ. నానేటి సేసుకుంటాను?"

డాక్టరూ నవ్వాడు. నాకు వెంటనే ఏదో చేయాలనిపించింది. అప్పను కంఠతా వచ్చిన కీర్తన చెప్పమన్నాను. అప్ప మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట పోకుండా చెప్పింది. నేను గర్వంగా డాక్టరు వైపు చూశాను.

"చిన్నప్పుడు నేర్చినది అన్నిటికన్నా ఆఖరున పోతుందమ్మా" అన్నాడు. మా ఆయన్నీ అప్పనీ బయట కూర్చోమని నాతో మాట్లాడాడు. "నేను చూసేది ఓ గంట. మీరు రోజూ చూస్తారు. ముసలితనపు మరుపు అనుకోడానికి ఈవిడ వయసు చాలదు. ఆల్జైమర్ అని ఒక జబ్బుంది, దానికి మందు లేదు. దాన్ని పట్టి చూపించే యంత్రం నా దగ్గర లేదు. ఇంట్లోవాళ్ళ మాటే నా పరీక్ష. మెల్లమెల్లగా ముదురుతోందా?"

"బావ పోయిన దిగులండి" అన్నాను.

"మధ్యలో బాగున్న రోజులున్నాయా?"

"ఉన్నాయండి." అది నిజమే.

"తెలిసిన చోట ఎప్పుడైనా దారి తప్పారా?"

"లేదండి."

ఆ ఒక్క మాట. సవర ఆవిడ చెయ్యి కళ్ళముందే ఉంది. అయినా లేదండి అన్నాను. ఎవరిని కాపాడుకున్నాను? దేవుణ్ణా? నన్నా? బాగైపోయిందని నిజంగానే నమ్మానా? నమ్మితే ఆవిడ కొంగులో ఉప్పెందుకు పోశాను? కాదు, ఉప్పు పోసింది ప్రార్థనకు ముందు. ఇలాగే ముందూ వెనకా కలిసిపోతుంటాయి నాకు.

దిగులు కూడా ఇలాగే కనిపిస్తుంది, చూద్దాం అని డాక్టరు టానిక్కు రాశాడు. దారి తప్పడం మొదలైతే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే తీసుకురండి అన్నాడు.

తిరుగు బస్సులో అప్ప నా గడ్డం పట్టుకుంది.

"అమ్మీ, డాక్టరుబాబు ఏటన్నాడు?"

"ఏటీ లేదన్నాడప్పా."

"మరెందుకేడుస్తన్నావు?"

వానల్లో ఒక ఆదివారం. అప్ప నిద్రపోతోందని ఆరాధనకు వెళ్ళాను. పక్కింటావిణ్ణి కూర్చోమని అడగొచ్చు. అడిగితే, బాగైన మనిషికి కాపలా ఎందుకంటుంది. అడగలేదు. నేను పాట పాడుతున్నప్పుడే అప్ప లేచి వెళ్ళిపోయి ఉంటుంది. ఊరంతా వెతికారు. రామనగుడ దారిలో, పొలం గట్టు కింద, నీళ్ళలో దొరికింది. ఊపిరి లేదు.

సమాధి దగ్గర పెద్దలు నా సాక్ష్యాన్నే మళ్ళీ చెప్పారు. బాగైన మనిషిని ప్రభువు పిలుచుకున్నాడన్నారు. మా ఆయన కూడా డాక్టరు ఏమీ లేదన్నాడనే నమ్మి, కొన్నేళ్ళకు కన్నుమూశారు. నిజం చెప్తే ఆ జబ్బు నయమయ్యేదా? కాదు, మందు లేదని డాక్టరే అన్నాడు. కానీ తలుపుకు గడియ ఉండేది. పక్కన మనిషి ఉండేది. ఇంతకన్నా ముందుకు ఆలోచించలేకపోతున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఆరాధన అయ్యాక ఒక పిల్ల నా దగ్గరకు వచ్చింది. వాళ్ళ అత్తకు మతి తప్పుతోందట. "మీ అప్పకి సేసినట్టే ప్రార్థన సెయ్యండి పిన్నీ. మరి డాక్టరెందుకు?" అంది. చేశాను. చేసి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమన్నాను, అడిగినవన్నీ దాచకుండా చెప్పమన్నాను.

"మీరూ అలాగే సెప్పేరు కదా?"

అవునన్నట్టు తల ఊపాను. ఇన్నేళ్ళ తర్వాత, ప్రార్థన చేసిన చెయ్యి ఇంకా ఆ పిల్ల తలమీద ఉండగానే, మళ్ళీ.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆయన చేతిలో ఉందో, గట్టు కింద పడి ఉన్న అప్ప చేతిలో ఉందో నాకు తేలడం లేదు. అప్ప దారి తప్పింది. డాక్టరు అడగకముందే తప్పింది. నాకు తెలుసు. లేదన్నాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.