దూదిచెయ్యి కునుకు

ఆ వీధిలో క్షవరం చేసే అతన్ని అందరూ దూదిచెయ్యి అనే పిలిచేవారు. అతని కుర్చీలో కూర్చున్నవాడు నురగ పూసేలోపే కళ్ళు మూసేవాడు, కత్తి గొంతు దాటేసరికి గురక మొదలెట్టేవాడు. ఎవరైనా కళ్ళు తెరుచుకుని కూర్చుంటే, తన చేతిలోనే ఏదో లోపం ఉందని కత్తిని మళ్ళీ తోలుపట్టీ మీద నూరుకునేవాడు. మెడ అప్పగించి నిద్రపోవడం కన్నా మనిషికి మనిషి ఇచ్చే మర్యాద ఇంకేముంటుంది?

అలాంటివాడి ఇంట్లో దొంగ పడ్డాడు. నిద్రలో ఉన్నవాడి నోటి మీద అరచెయ్యి అదిమి, గొంతు మీద కత్తి పెట్టి, పక్కనే ఉన్న భార్య మెడలో గొలుసు తెంపుకుపోయాడు. ప్రాణాలు దక్కాయని ఇల్లాలు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. దక్కిన మాట నిజమే. కానీ ఆనాటి నుంచి దూదిచెయ్యికి కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే చాలు, మొహం మీద ఎవరిదో నీడ వాలినట్టుండేది. గడియ వేసేవాడు, వేశానో లేదోనని లేచి చూసేవాడు.

"మీరు తడిమి తడిమి ఆ గడియ అరిగిపోయేలా ఉందండీ. నేను మేలుకునుంటాగా, పడుకోండి," అనేది ఆవిడ. పాపం, అన్న కాసేపటికే కూర్చున్నచోటే తూలేది. అతను దుప్పటి కప్పి, కాపలా తనే కాసేవాడు.

దొంగ దొరికాడు. గొలుసు దొరకలేదు. గడ్డానికొచ్చిన పోలీసాయన ఆ కబురు నవ్వుతూ చెప్పాడు.

"వాడికేం అన్నా! వేళకింత తిండి, బయట మా కాపలా. గురకతో పక్కగదుల వాళ్ళని చంపుకు తింటున్నాడు."

ఆయన చెంప మీద దూదిచెయ్యి కత్తి ఒక్క క్షణం ఆగింది.

చివరికి అతనికి నిద్ర దొరికిన చోటు సొంత దుకాణమే. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు, తలుపులు బార్లా తీసి, వీధి చప్పుడు వింటూ తన కుర్చీలోనే వాలేవాడు. ఎదురుగా అరుగు మీద గొడుగులు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు.

"నేను చూస్తుంటాలే అల్లుడూ. ఆ కత్తి మాత్రం పక్కన పెట్టు."

"అది పిడికిట్లో లేకపోతే రెప్ప వాలదు మామా."

"నీ నిద్ర తగలెయ్య! సరే, కానీ."

ఒకరోజు ఎండ తిరిగి సూటిగా అతని మొహం మీద పడింది. ఎన్నాళ్ళకో నోరు తెరుచుకుని పసివాడిలా నిద్రపోతున్నాడు. పెద్దాయనకి లేపబుద్ధి కాలేదు. అప్పుడే కుట్టిన గొడుగు విప్పి, చప్పుడు కాకుండా వచ్చి, అతని మొహానికి అడ్డం పట్టాడు.

మొహం మీద నీడ పడింది.

దూదిచెయ్యి కేక పెట్టి లేచేసరికి కత్తి విచ్చుకునే ఉంది. గొడుగు నేల మీద, పెద్దాయన అరచెయ్యి అడ్డంగా చీరుకుపోయి ఉంది.

"గొడుగు కమ్మి గీసుకుందయ్యా," అన్నాడు పెద్దాయన, కుట్లు వేసే డాక్టరుతో. ఎవరడిగినా అదే మాట. కానీ వీధికి కళ్ళున్నాయి. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళు జుట్టు వరకే అన్నారు. కొందరు గడ్డం ఇంట్లోనే గీసుకుని వచ్చారు. గీయించుకున్న ఒకరిద్దరు అద్దంలో కత్తినే చూస్తూ కూర్చున్నారు.

అది చూడలేక పెద్దాయన కట్టు చేత్తోనే వచ్చి, వీధంతా వినేలా, "గడ్డం గియ్యి అల్లుడూ, నిద్ర ముంచుకొస్తోంది!" అంటూ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

దూదిచెయ్యి నురగ పూశాడు. గొంతు దగ్గరికి కత్తి తెచ్చాడు. మూసిన రెప్పలు గాలికి వణికే కాగితంలా వణుకుతున్నాయి. ఆ కుర్చీలో ఇన్నేళ్ళుగా గురక పెట్టిన మనిషి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"కళ్ళు తెరువు మామా. అలా బిగుసుకుంటే కత్తి గీసుకుంటుంది."

పెద్దాయన తెరిచాడు. సిగ్గుతో చూపు దించుకోబోయి, దించుకోలేక, అద్దంలో కత్తినే చూశాడు.

దూదిచెయ్యి ఎప్పట్లాగే మెత్తగా గీశాడు. ఒక్క గీటు పడలేదు. పని అయ్యేదాకా ఇద్దరిలో ఒక్కరూ రెప్ప వాల్చలేదు.