ప్లైవుడ్ వెనక కూర్చున్న కంప్యూటర్

ముప్పై ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. నోటితో అన్న మాట కూడా కాదు, కీబోర్డు మీద కొట్టిన మాట. కొట్టడానికి నిమిషం పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళూ చాలలేదు.

నా పేరు మీకు అక్కరలేదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, చర్చిలో అయ్యగారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా సూటిగా చెప్పలేదు. 'తెలిసీ తెలియక చేసిన పాపాలు' అంటూ అందరి గొంతుల్లో నా గొంతు కలిపేసేదాన్ని. తెలియక ఏముంది నా మొహం! అన్నీ తెలిసే చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఈమధ్య మా ఇంట్లో భోజనాల దగ్గర ఒకటే గోల. ఫోన్‌లో ఏదడిగినా మనిషిలా జవాబిచ్చే యంత్రం వచ్చింది కదా. మా అబ్బాయి దాన్ని అడక్కుండా చొక్కా కూడా కొనడు. మా ఆయనేమో "అదంతా మాయరా, వెనకాల ఎవడో కూర్చుని కొడుతుంటడు" అంటాడు. అబ్బాయి పడీ పడీ నవ్వుతాడు. నేను పెరుగు గిన్నె వంకతో వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎందుకంటే ఒకప్పుడు అలా వెనకాల కూర్చుని కొట్టిన మనిషిని నేనే.

తొంభైల మొదట్లో సంగతి. అబిడ్స్ వెనక సందులో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. అక్కడ నా మంచం, సుగుణక్క మంచం పక్కపక్కనే. ఇద్దరం మెదక్ వైపు వాళ్ళమే. ఆమె నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో టైపూ కంప్యూటరూ నేర్చుకునేవాళ్ళం. నేర్చుకునేవాళ్ళం అంటున్నాను గానీ నాకు నేర్పింది ఆమే. నేను కీలు చూస్తూ కొట్టేదాన్ని. ఆమె తన చేతిరుమాలు తీసి నా రెండు చేతుల మీద పరిచేది. "చూడకు చెల్లె. వేళ్ళకు తెలుసు, గవ్వే పోతయి" అనేది. నెల తిరిగేసరికి నిజంగానే వేళ్ళకు దారి తెలిసింది. ఆ వేళ్ళతోనే ఆమె నోటికాడి కూడు లాగేశాను.

ఆ డిసెంబర్‌లో బషీర్‌బాగ్‌లోని ఒక ఆఫీసు నుంచి ఇద్దరికీ కాగితాలు వచ్చాయి. కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు, ఒక్కటే. జనవరిలో ఒక సోమవారం పరీక్ష. అదే సోమవారం తమ ఊరి బడిలో టీచరుగా చేరమని సుగుణక్కకు ఇంటి నుంచి కబురు. పర్మినెంటు కాదు. కానీ వాళ్ళ నాన్న పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఇక్కడుండాలా, అక్కడికి పోవాలా అని ఆమె నలిగిపోయింది. పరీక్షకు వస్తే ఆ ఉద్యోగం ఆమెదే. అది ఆమెకు తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక అందరం పళ్ళెంలోంచి తలా ఒక వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి అదే దేవుడు మనతో అన్న మాట. సుగుణక్కకు కదలక నిలిచి ఉండమనే అర్థం వచ్చే వాక్యం వచ్చింది. నిలవడమంటే ఎక్కడ నిలవాలి? నాన్న దగ్గరా, పరీక్ష హాల్లోనా? తన మంచం మీద కూర్చుని ఆ కార్డు నాకు చూపించి అడిగింది. "నాకేం తెలుసక్కా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆమె దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది.

అప్పుడే నాంపల్లిలో ఎగ్జిబిషన్ మొదలైంది. రావు గారని, కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం ఆయనది, 'అడగండి, కంప్యూటర్ చెబుతుంది' అని బోర్డు పెట్టి స్టాల్ వేశాడు. ముందు బల్ల మీద ఒక మానిటరు, ఒక మైకు. మనిషి మైకులో అడిగితే తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో జవాబు వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రావు గారు దాన్ని గట్టిగా చదివి వినిపించేవాడు. బల్ల వెనక ప్లైవుడ్ గోడ. గోడ వెనక ఇంకో కీబోర్డు, చిన్న స్పీకరు, ఒక స్టూలు. ఆ స్టూలు మీద నేను. చూడకుండా కొట్టగలనని నన్ను పెట్టుకున్నాడు. హాస్టల్లో మాత్రం గౌలిగూడలో ఎవరి పాపకో ట్యూషన్ అని చెప్పాను.

రావు గారి షరతు ఒక్కటే. "ఏదైనా కొట్టమ్మా, తెలీదు అని మాత్రం కొట్టకు. కంప్యూటర్‌కి తెలీందేవుంటుంది?"

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే జనానికి రెండే అభిప్రాయాలు. అది వస్తే మన ఉద్యోగాలు పోతాయని ఒకటి. అది తప్పు చెప్పదని ఇంకొకటి. రెండూ ఒకే మనిషి ఒకే ఊపిరిలో అనేవాడు. మా పక్క స్టాల్ వీడియో గేములది. పొద్దుగూకులూ డిషుం డిషుం. అక్కడి నుంచి ఒకాయన కొడుకు చెవి మెలిపెట్టి లాక్కొచ్చాడు, ఈ ఆటలతో బుర్ర చెడుతుందని తిడుతూ. లాక్కొచ్చి, మా డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడి, తన ట్రాన్స్‌ఫర్ ఎప్పుడు రద్దవుతుందని అడిగాడు. 'ఓపిక పట్టండి' అని కొట్టాను. దండం పెట్టి వెళ్ళాడు. చీకటి గోడ వెనక నాకు ఎంత నవ్వొచ్చిందో! ఆ నవ్వు కూడా ఇప్పుడు గుచ్చుతుంది.

పరీక్షకు ముందు శనివారం సాయంత్రం స్పీకర్లోంచి ఒక గొంతు వినబడింది.

"ఏంది సార్, ఏదడిగినా చెప్తదా గిది?"

సుగుణక్క. చుట్టూ హాస్టల్ పిల్లల కిలకిలలు.

"ఏదైనా అడగండమ్మా, మొహమాటం లేదు" అన్నాడు రావు గారు.

ముందు నవ్వుతూనే మొదలుపెట్టింది. తరవాత గొంతు మారింది. "సోమవారం బషీర్‌బాగ్‌ల పరీక్ష ఉన్నది. మా ఊరి బడిల కూడ సోమవారమే చేరుమంటున్రు. మా నాయిన మంచంల ఉన్నడు. నేను ఏడికి పోవాలె?"

నా వేళ్ళు కీల మీదే ఉన్నాయి. 'మీ మనసుకు నచ్చింది చేయండి' అని కొట్టొచ్చు, రోజుకు పదిసార్లు కొట్టేదాన్ని ఆ మాట. కానీ నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతకు ముందు మూడు చోట్ల నన్ను కాదన్నారు. మిషన్ దవాఖానలో ఆయాగా చేసే మా అమ్మకు నడుం పడిపోయింది. ఇవన్నీ నిజాలే, కానీ అప్పుడు ఇవేవీ నాకు గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది ఒక్కటే. ఆమె రాకపోతే నేనే ఫస్టు.

'పరీక్షకు వెళ్ళకు. ఊరికి వెళ్ళు' అని కొట్టాను.

రావు గారు చదివాడు. సుగుణక్క ఫక్కున నవ్వింది. "గిట్ల ఎవరన్న చెప్తరు సార్! నా సంగతి దీనికేం ఎరుక?"

అక్కడితో ఆగి ఉంటే, ఇది పిల్లచేష్ట అని ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. ఆమె నవ్వేసింది, నమ్మలేదు. సోమవారం పరీక్షకు వచ్చేసేది. నేను ఆగలేదు. ఇంకో వరస కొట్టాను.

'నీ పర్సులో ఉన్న కార్డు కూడా ఇదే చెప్పింది కదా.'

రావు గారు తడబడుతూ చదివాడు. నవ్వులు ఆగిపోయాయి. పక్క స్టాల్లో డిషుం డిషుం ఒక్కటే. సుగుణక్క గొంతు, మైకుకు దూరంగా, "ప్రభువా" అంది. అంతే.

జనం పలచబడ్డాక రావు గారు వెనక్కి వచ్చాడు. "కార్డు సంగతి నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. ఆడవాళ్ళ పర్సులో ఏదో ఒక కార్డు ఉంటుంది కదా సార్ అన్నాను. "భలేదానివే!" అని ఆ రోజు మిర్చి బజ్జీలు తెప్పించాడు. తిన్నాను. తిన్నానండీ, ఏం దాచను.

మర్నాడు ఆదివారం. సుగుణక్క చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. బైబిల్లో దేవుడు బిలాము అనే ప్రవక్తకు దారి చెప్పడానికి అతని గాడిదతో మాట్లాడించినట్టు తనకోసం ఒక డబ్బాతో మాట్లాడించాడని కన్నీళ్ళతో చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. లేచి నిలబడడానికి నాకు ఆ పూటంతా ఉంది. ఎందుకు లేవలేదు? ఉద్యోగం పోతుందనా, పరువు పోతుందనా? రెండూనేమో. ఇప్పటికీ సరిగ్గా తేల్చుకోలేను.

సోమవారం పొద్దున ఆమెను గౌలిగూడలో బస్సెక్కించింది నేనే. ఆమె పెట్టె కూడా నేనే మోశాను. కిటికీలోంచి చేయి చాపి ఆ చేతిరుమాలు నా గుప్పిట్లో పెట్టింది. "చేతులకు చెమటొస్తది నీకు. తుడుచుకో. ఫికర్ చెయ్యకు" అంది. అక్కడి నుంచి సరాసరి బషీర్‌బాగ్ నడిచి వెళ్ళి పరీక్ష రాశాను. ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతోనే అమ్మకు వైద్యం, నాకు పెళ్ళి, ఇల్లు, అబ్బాయి చదువు. ఏ మెతుకు ముట్టుకున్నా దాని అడుగున ఆ సాయంత్రం ఉంటుంది.

వాళ్ళ నాన్న ఏడాది తిరక్కుండా పోయాడు. బడి వాళ్ళు ఆమెను పర్మినెంటు చేయలేదు. నాలుగేళ్ళకు తిరిగి సిటీకి వచ్చేసరికి ఆఫీసులకు కొత్త కోర్సులు చేసిన పిల్లలు కావాలి. చివరికి నాంపల్లి కోర్టుల గోడ పక్కన, ఒక గొడుగు కింద, పాత టైపు మిషను పెట్టుకుని కూర్చుంది. అఫిడవిట్లు, అర్జీలు. రోజూ నా బస్సు అటే వెళ్ళేది. నేను రెండో వైపు సీటు చూసుకుని కూర్చునేదాన్ని.

రెండు వేల ఐదో ఆరో, ఎదురుగా వరసగా కంప్యూటర్ షాపులు వచ్చేశాయి. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఒక మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి, చెప్పేద్దామని గట్టిగా అనుకునే వెళ్ళాను. నన్ను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. స్టూలు దులిపి కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. నేను నోరు తెరిచేలోపు ఆమే అంది.

"గా రోజు గా కంప్యూటర్ చెప్పకపోతే నాయిన ఆఖరి దినాలల్ల నేను దగ్గర ఉంటుంటినా చెల్లె? గది దేవుని పనే." చాయ్ గ్లాసు చేతుల్లో తిప్పింది. "కని ఒక్కొక్కసారి కొట్లాడుత ఆయనతోని. నువ్వే పొమ్మంటివి, పోయిన. మల్ల గీడ రోడ్డు మీద ఎందుకు కూసోవెట్టినవు అని. జవాబు రాదు."

నేను చాయ్ తాగాను. ఎండ ఎక్కువగా ఉందక్కా అన్నాను. వచ్చేశాను.

ఆమె నమ్మకాన్ని చెడగొట్టకూడదని ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నాన్న దగ్గర ఉండగలిగింది కదా, మంచే జరిగింది కదా అని కూడా. సిగ్గులేని మాటలు. ఉద్యోగం ఒక్కటే తీసుకుని ఉంటే ఏదో విధంగా తిరిగి ఇవ్వొచ్చు. నా మాటను తీసుకెళ్ళి దేవుడి నోట్లో పెట్టాను. తాను అనని మాటకు ఆయన ఆమెకు ఏమని జవాబు చెబుతాడు? ఆ గొడుగు కింద ఆమె కొట్లాడాల్సింది నాతో.

పోయిన నెల చర్చి బయట మళ్ళీ కలిసింది. జుట్టంతా తెల్లబడింది. చెల్లెలి కూతురు ఆమె ఫోన్‌లో కూడా ఆ జవాబులిచ్చే యంత్రాన్ని పెట్టి ఇచ్చిందట.

"దీన్ని గూడ అడిగిన చెల్లె. గప్పుడు ఎగ్జిబిషన్ల గా కంప్యూటర్‌కు నా కార్డు సంగతి ఎట్ల తెలిసిందీ అని. నాకు తెల్వదు అంటున్నది!" అని నవ్వింది. "ఏం కంప్యూటరో ఏమో. గా పాతదే నయముండె."

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పెరుగు గిన్నె ముందు నిలబడి ఏడ్చాను. ప్రాణం లేని ఆ యంత్రం తెలియదు అని చెప్పేసింది. తెలిసిన నేను ఆమె పక్కనే నిలబడి పళ్ళు బయటపెట్టి నవ్వాను.

ఇది ఆమెకు చూపిస్తానా? ధైర్యం ఉందని చెప్పలేను. మిమ్మల్ని క్షమించమనీ అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట సరిగ్గా రాయాలనిపించింది. రాస్తున్నాను. చేతులకు చెమట పడుతోంది.

సుగుణక్కా, నీ కార్డు సంగతి దానికి ఎట్ల తెలిసిందంటే, నువ్వే చూపించినవు గదా. నీ మంచం మీద కూసోని.