బెల్టు మార్చాక ఇస్తానన్నాను

మా కారులో ఒక లోపం ఉందని నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. తిరువళ్ళూరులో షెడ్డు నడిపే మెకానిక్కు మొదటిరోజే బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను పక్కన నల్లటి మూత, ఆ మూత వెనక ఒక రబ్బరు బెల్టు. ఆ రకం పాత డీజిల్ బండ్లకు ప్రాణమంతా అక్కడే ఉంటుందట. పాతబడితే చప్పుడు చెయ్యదు, పొగా రాదు. బాగా పోతూ పోతూ ఉండగానే తెగుతుంది, దాంతో ఇంజను లోపలంతా పాడైపోతుంది.

"తెగేదానికి ముందే మార్చుకోవాలక్కా. తెగినాక నా దగ్గరికొస్తే నేను చేసేది ఏమీ లేదు" అన్నాడు.

సరే అన్నాను. మార్చలేదు.

కారు మా అక్కది. కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన నెలలోనే ఆ పాత బండి కొనుక్కుంది. పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు, నాతోనే ఉండేది. నడపడం మాత్రం నాకే వచ్చు. నాకు ముప్పై ఏళ్ళప్పుడు, నేను ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, రెక్క పట్టుకుని తీసుకుపోయి డ్రైవింగు స్కూల్లో చేర్పించింది కూడా అక్కే. చిన్నప్పుడు నాకు తల దువ్వింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది, అన్నీ ఆమే. ఒక్క కారులో మాత్రం ఆమె ఎడమపక్క కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూసి "పోదామా మే" అని అడగాలి. అలా అడిగించుకోవడం నాకెంత బాగుండేదో ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ బ్యాగులో ఆమె ఎల్లెల్లార్ ఉండేది, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు. గడువు తీరిపోతే పోయి మళ్ళీ తెచ్చుకునేది. కారు లోపలి అద్దానికి పసుపుగుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టింది. తనే బండి తోలుకుంటూ తిరుత్తణి కొండెక్కి ఆ బిళ్ళను హుండీలో వేస్తానని మొక్కు.

పూండి డ్యాము పక్క రోడ్డులో రెండుసార్లు ఆమెకు సీటు ఇచ్చాను. రెండుసార్లూ క్లచ్చు టక్కున వదిలి బండి ఆపేసింది. నా నోరు మంచిది కాదు. "అంతమంది పసిబిడ్డల్ని పదిలంగా ఎత్తినదానివి, ఒక్క పెడలు మెల్లగా వదల్లేవా?" అని కసిరాను. ఆమె నవ్వింది. మూడోసారి అడిగినప్పుడు నాకు బెల్టు గుర్తొచ్చింది.

"కొత్తగా నేర్చేవాళ్ళు ఇట్ల ఆపి ఆపి తోల్తే బెల్టు తెగిపోతాది అక్కా. మార్చినాక ఇస్తా."

"ఎప్పుడు మారుస్తావు మే?"

"వచ్చే నెల. కండిప్పా, తప్పేదే లేదు."

ఆ వచ్చే నెల ఏళ్ళ తరబడి సాగింది. ఊత్తుకోట రోడ్డులో లారీల మధ్య పోతున్నప్పుడు, ఇప్పుడు తెగితే మా గతి ఏమిటని అనుకునేదాన్ని. ఇల్లు చేరగానే మర్చిపోయేదాన్ని.

పోయిన వానాకాలంలో అక్క జ్వరమని పడుకుంది. నాలుగు రోజులకు లేదు.

ఆ తర్వాత మా అమ్మాయి బండి అమ్మెయ్యమంది. అంత పాత డీజిల్ బండికి ఇంజను విప్పించడం దండగ అంది. తెలివైన మాటే. నాకు అమ్మబుద్ధి కాలేదు, బెల్టు మార్చబుద్ధీ కాలేదు. మార్చినాక ఇస్తానన్నాను కదా, ఇంకా మార్చలేదు, కాబట్టి అక్క వంతు ఇంకా రాలేదు. అలా అనుకుంటూ బతికాను. మారిస్తే ఆ వంతు వచ్చేస్తుంది, తీసుకోవడానికి మనిషి ఉండదు.

చివరికి మా అమ్మాయే ఒకరోజు తాళం అడిగింది. తన పాపను ఎక్కించుకుని తిరుత్తణి పోయొస్తానంది. నా ప్రాణంతో ఎన్ని ఆటలైనా ఆడతాను, ఆ పిల్ల ప్రాణంతో ఆడలేను. వారం ఆగమని చెప్పి షెడ్డుకు పోయాను.

మెకానిక్కు నల్ల మూత విప్పుతుంటే స్టూలు మీద కూర్చుని, నా మనసు నిమ్మళం కోసమే అడిగాను.

"కొత్తోళ్ళు ఆపి ఆపి తోల్తే ఇది తొందరగా తెగుతాది గదా?"

అతను తల ఎత్తలేదు. "దానికీ దీనికీ సమ్మందమే లేదక్కా. ఎన్నేండ్లయింది, ఎంత దూరం తిరిగింది, అంతే లెక్క. పెద్దక్కకు గూడా అదే చెప్పినాను గదా."

"ఎప్పుడు?"

"చానా రోజులాయె. ఒక దినం ఆటోలో తనే వచ్చి ఇదే మాట అడిగినాది. నేను చెల్లెలితో మాట్లాడతా అంటే వద్దనినాది."

"ఎందుకంట?"

"దానికి ఆ సీటంటే ఇష్టం, ఉండనీలే అనినాది."

అంటే అన్నీ తెలిసే ఆమె మళ్ళీ మళ్ళీ పోయి ఎల్లెల్లార్ తెచ్చుకుంది. తెలిసే ప్రతి నెలా "మార్చినావా మే" అని అడిగింది. ఏదో ఒకరోజు నేనే నిజం చెప్తానని చూసిందేమో. నాకు మా అక్క కావాలి. ఒక్క పూట చాలు. ఆ పూండి రోడ్డులో వందసార్లు బండి ఆపినా నోరెత్తను.

బెల్టు మారింది. అమ్మాయికి ఇచ్చే ముందు ఒకసారి దూరం తోలి చూడమన్నాడు మెకానిక్కు. ఒక్కదాన్నే తిరుత్తణి దాకా పోయాను. కొండ రోడ్డు మొదలయ్యేచోట బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమపక్క కూర్చున్నాను. వెనక సీటులో ఉన్న అక్క బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఖాళీ స్టీరింగు వైపు చూసి "పోదామా అక్కా" అన్నాను.

వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. ఆగకుండా కొట్టాడు. దిగి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి, నా సీటులోనే కూర్చున్నాను. ముడుపు విప్పకుండానే కొండెక్కి దిగి వచ్చాను.