ఖాళీల మాస్టారు

“నా ఉద్యోగం పోతోందని ల్యాబులో ఎవరికైనా తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోను? నువ్వు మాత్రం నోరు జారకు,” అంది పాప తల్లి, మొగుడితో.

ఆవిడ పోస్ట్‌డాక్. అంటే డాక్టరేట్ అయ్యాక దొరికే పరిశోధన ఉద్యోగం. గడువు తీరగానే బండి దిగిపోవాలి. ఆవిడ పని బూజు మీద. పాప పుట్టాక ఏడాది ఇంట్లో ఉండి తిరిగొచ్చేసరికి గడువు ముంచుకొచ్చింది.

ఆవిడ దడిసిందల్లా ఎదురు గదిలోని రాళ్ళ శాస్త్రవేత్తకి. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఏ మూల ఏ పరిశోధన ఉద్యోగం ఖాళీ ఉన్నా ఎదురుపడ్డవాళ్ళకల్లా అంటగట్టాలి. చుక్కల మీదా, చీమల మీదా అన్న పట్టింపు లేదు. పైగా ఆ గొంతు గుసగుసకి పనికొచ్చేది కాదు. అందుకే అందరికీ ఖాళీల మాస్టారయ్యాడు.

ఒకసారి నడవాలో డైరెక్టరుగారినే ఆపేశాడు.

“మంచుకొండల మీద ఖాళీ ఉంది, వెళతారా?”

“వచ్చే ఏడు రిటైరవుతున్నానండీ.”

“మరీ మంచిది, తీరిక దొరుకుతుంది!”

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూదితోనే దంతవైద్యుణ్ణి తిమింగలాల పళ్ళ మీద పరిశోధనకి పొమ్మన్నాడట.

ఇలాంటి మనిషి చెవిన పడితే ఇంకేముంది? ఆయన అడుగుల చప్పుడు వినగానే పాప తల్లి తలుపు మూసేసేది. ఆ రోజూ మూసింది. బయట లిఫ్టు మెకానిక్ దొరికాడాయనకి.

“ఏమోయ్, బూజు మీద పోస్ట్‌డాక్ ఖాళీ ఉంది, చేస్తావా?”

“నేను లిఫ్టు బాగుచేసేవాణ్ణి సార్.”

“అయితేనేం? మూడేళ్ళ ఉద్యోగం. శుక్రవారంలోగా దరఖాస్తు పంపాలి.”

“సార్, నా స్పానరు మీద నిలబడ్డారు.”

“పురిటికని ఏడాది ఇంట్లో ఉన్నా తప్పు పట్టరట!”

“ఎవరికి సార్ పురుడు?”

“పసిపిల్లల్ని చూసుకునే గది కూడా ఆ మేడలోనే ఉందటయ్యా. నీకిక బెంగ లేదు!”

మెకానిక్ మీసం తడుముకున్నాడు. తలుపు వెనక పాప తల్లి పెన్ను కోసం తడుముకుంది.

దరఖాస్తు వెళ్ళింది, ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆవిడ తిన్నగా మాస్టారి గదికి వెళ్ళింది.

“నా గడువు సంగతి మీకెవరు చెప్పారు మాస్టారూ?”

“ఒకరు చెప్పాలా? అందరూ గాజు పళ్ళేల్లో కొత్త బూజు పెంచుకుంటుంటే, నువ్వు ఇల్లు ఖాళీ చేసేదానిలా ఉన్నవన్నీ కడిగి బోర్లిస్తున్నావు.”

“తలుపు కొట్టి నాతోనే చెప్పొచ్చుగా?”

“చెబితే ‘అబ్బే, నాకేం అవసరం’ అనేదానివి. వయసులో ఉన్నప్పుడు నేనూ అలాగే అని, మంచి ఉద్యోగం పోగొట్టుకున్నాను.”

“మరి ఆ రోజు డైరెక్టరుగారు?”

“ఆయన వెనక ఫైళ్ళు పట్టుకుని ఒకమ్మాయి నిలబడలా? ఇప్పుడు మంచుకొండల మీదే ఉంది.”

“దంతవైద్యుడో?”

మాస్టారు కాస్త ఇబ్బందిగా కదిలాడు. “అది మాత్రం జబ్బే. కానీ ఒకటి గుర్తుపెట్టుకో అమ్మాయ్. అవసరమున్న మనిషి సిగ్గుపడకుండా వినాలంటే, అవసరం లేనివాళ్ళకి గట్టిగా చెప్పాలి.”

ఇప్పుడు పాప తల్లి ఆ మాటే పాటిస్తోంది. మొన్న పాపని చంకనేసుకుని కూరల దుకాణానికి వెళ్ళి, వంకాయలు తూస్తున్న ఆయనతో వీధంతా వినబడేలా అంది: “అగ్నిపర్వతాల బూడిద మీద ఖాళీ ఉందండీ, చేస్తారా?”

ఆయన తక్కెడ గాల్లోనే పట్టుకుని నోరు తెరిచాడు. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, ఉద్యోగం దొరక్క ఏడాదిగా ఎవరితోనూ కళ్ళు కలపకుండా తిరుగుతున్న పక్కింటాయన, ఆవిడ వెనకే నిలబడి టమాటాలు ఏరుకుంటున్నాడు.