అక్క గ్యారేజీలో పాత రంపం

పక్క ఫ్లాటువాళ్ళు వంటగది అలమరాలు మార్పిస్తున్నారు. పొద్దున్న టీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళేసరికి గోడకవతల రంపం మిషన్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. దాని వెనకే అప్పుడే కోసిన చెక్క వాసన వచ్చింది. ఢిల్లీ ద్వారకాలో మా వీధికుండే వాసనలు వేరు. కింద బండి మీద కాగే నూనె, దుమ్ము, వాన పడితే మురిక్కాలవ. చెక్క వాసన మాత్రం నన్ను తిన్నగా ఫరీదాబాద్‌లో మా అక్క ఇంటి గ్యారేజీలోకి తీసుకుపోయింది. తేరుకునేసరికి టీ చల్లారిపోయింది.

మా అక్క ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో, ఎముకల ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసింది. బాపట్ల వైపు నుంచి మా ఇంట్లో మొదట రైలెక్కిన ఆడపిల్ల తనే. తన వెనకే చెల్లెల్ని నేనూ వచ్చి, బడిలో టీచరుగా చేరి ఇక్కడే ఉండిపోయాను. బయటివాళ్ళకి తెలియదు గానీ ఎముకల థియేటరంటే సగం ఆసుపత్రి, సగం వడ్రంగి కొట్టు. సుత్తులు, ఉలులు, డ్రిల్లులు, రంపాలు. అక్క ఉద్యోగమంతా వాటిని వరసగా పేర్చి, డాక్టరు చెయ్యి చాపగానే అందించడమే. రిటైరయ్యాక చర్చిలో కేకు కోయించి, పాస్టరుగారు ప్రార్థన చేసి, "ఇక విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. ఇంటికొచ్చే దారిలో అక్క నాతో, "ఇన్నేళ్ళూ రంపం అందించానే. ఒక్కసారన్నా నేను కోసి చూడాలి" అంది. నవ్వాను గానీ, దేన్ని కోస్తానంటోందో తెలియక కాస్త భయం కూడా వేసింది.

బావగారు ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ విభాగంలో పనిచేసేవారు. సరోజినీ నగర్ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఆయన స్కూటరు వానకి తడుస్తూనే ఉండేది. అందుకే ఫరీదాబాద్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పడగ్గది చిన్నదైనా సరే గ్యారేజీ ఉండి తీరాలని పట్టుబట్టారు. అందులో తన తెల్ల కారుని పెట్టి, పసిపిల్లకి పోసినట్టు రోజూ నీళ్ళు పోసేవారు. మాట తక్కువ మనిషి. కోపం వస్తే మాత్రం అక్కని "సిస్టరుగారూ" అని పిలిచేవారు. ఆ పిలుపు వినబడగానే చుట్టుపక్కల ఉన్నవాళ్ళమంతా వంటింట్లోకి జారుకునేవాళ్ళం.

ఊరి చివర మూతపడ్డ ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పాత సామాను అమ్ముతున్నారని తెలిసి అక్క నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. రేకుల షెడ్డులో, పావురాల రెట్టల కింద, రెండు టేబుల్ రంపాలు కనిపించాయి. పోత ఇనుముతో చేసిన బల్ల, దాని మధ్య చీలికలోంచి పైకి లేచే గుండ్రటి బ్లేడు, కింద బెల్టుతో తిప్పే యంత్రం. మా నాన్న కాలం నాటివై ఉంటాయి. ఒకదాని బల్ల బాగుంది గానీ లోపలి యంత్రం అరిగిపోయింది. రెండోదాని లోపలంతా బాగుంది, బల్ల పగిలింది. నేను పెదవి విరిచాను. అక్క రెండిటి కిందా దూరి చూసి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ, "దోనోం చాహియే భయ్యా" అని రెండూ అడిగింది.

"దోనోం? క్యా కరేంగీ దీదీ?" అన్నాడు షెడ్డు మనిషి, రెండిటితో ఏం చేస్తారన్నట్టు.

"ఆపరేషన్" అంది అక్క.

రెండూ టెంపోలో ఇంటికొచ్చాయి. మనుషులు ఆపసోపాలు పడుతూ దింపుతుంటే బావగారు గేటు దగ్గర నిలబడి చూశారు.

"ఇవి ఎక్కడ పెడతావు?"

"గ్యారేజీలోనండి."

"మరి కారు?"

"కాస్త ఎండలో ఉండనివ్వండి. దానికీ విటమిన్ డి వస్తుంది."

"సిస్టరుగారూ" అన్నారాయన. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ చలికాలం శనివారమొస్తే మెట్రో ఎక్కి ఫరీదాబాద్ పోయేదాన్ని. మధ్యాహ్నం గ్యారేజీ తలుపు తీస్తే పల్చటి ఎండ నేల మీద చాపంత పరుచుకునేది. పల్లీలు, నువ్వులూ బెల్లంతో చేసే గజక్, అల్లం టీ. ఉప్పుకాగితంతో తుప్పు రుద్దడం నా వంతు. పొద్దుపోయేసరికి నా ముక్కులోంచి కూడా తుప్పే వచ్చేది గానీ, ఎర్రటి పెచ్చుల కింద నుంచి బల్ల నున్నగా, నీలం కలిసిన బూడిదరంగులో బయటపడుతుంటే ఆపబుద్ధి అయ్యేది కాదు. అక్క స్టీలు ట్రేలలో ఆకుపచ్చ గుడ్డ పరిచి, విప్పిన ప్రతి బోల్టునీ అందులో పేర్చేది. పని మొదలుపెట్టే ముందు లెక్క, ముగించే ముందు మళ్ళీ లెక్క. థియేటర్లో గాయం కుట్టేముందు ప్రతి దూది ముక్కా, ప్రతి కత్తెరా లెక్క తేలాల్సిందే, ఏదీ లోపల ఉండిపోకూడదు. గ్యారేజీలోనూ అదే నియమం.

పగిలిన బల్ల కింది యంత్రాన్ని మంచి బల్ల కిందికి మార్చాక అసలు కష్టం మొదలైంది. బల్ల మీద పొడుగ్గా ఒక గాడి ఉంటుంది. బ్లేడు ఆ గాడికి వెంట్రుకవాసి కూడా వంకర లేకుండా నిలవాలి. లేకపోతే చెక్క ఇరుక్కుని, కోసే మనిషి మీదికే ఎగురుతుంది. అక్క బ్లేడు పళ్ళలో ఒకదానికి సుద్దతో గుర్తు పెట్టి, ముందు వైపు కొలిచి, అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్ళీ కొలిచేది. తేడా ఉంటే బోల్టులు వదులుచేసి చెక్క సుత్తితో చిన్న దెబ్బ వేసి మళ్ళీ కొలత. కుదిరిన రోజున "ఎముక అతికింది" అని నడుం పట్టుకుని మంచమెక్కింది.

స్విచ్ వేద్దామనుకున్న రోజున లెక్క తప్పింది. చివరి మూత బిగించే బోల్టుల్లో ఒకటి తక్కువ. బజార్లో అలాంటిదే దొరుకుతుంది కదా, కొత్తది వేద్దామన్నాను.

"బోల్టు లేకపోవడం కాదే, అదెక్కడుందో తెలియకపోవడం. లోపల పడి ఉండి, తిరిగే బ్లేడుకి తగిలిందనుకో, తుపాకీ గుండే."

మిషనంతా విప్పింది. దొరకలేదు. మళ్ళీ శనివారం ఇంకోసారి విప్పింది. నేను గ్యారేజీ మూలల్లో పాకి వెతుకుతుంటే బావగారు టార్చి పట్టుకున్నారు. మధ్యలో టీ తెచ్చి ఇచ్చి, కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆ పై వారం అక్క మళ్ళీ గచ్చు మీద చతికిలబడింది. చలికి వేళ్ళు వంగడం లేదు. లేవబోతే నడుం పట్టేసింది. అప్పుడు బావగారు టీ గ్లాసులు కింద పెట్టి, స్వెట్టరు జేబులోంచి బోల్టు తీసి ట్రేలో వేశారు.

"మీ దగ్గరికెలా వచ్చింది?" అంది అక్క.

"నేనే తీశాను."

"ఎందుకండీ?"

ఆయన కాసేపు రోడ్డు మీది కారు వైపు చూశారు. "భోజనాల దగ్గర ఎన్ని చెప్పావు నువ్వు! ఫ్యాక్టరీవాడు తెగిన వేళ్ళు రుమాల్లో మూటగట్టుకొచ్చాడనీ, ఒకటి అతికింది, మిగతావి అతకలేదనీ. నువ్వు చెప్పేసి అన్నం తినేదానివి. నాకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు అలాంటి మిషన్ ముందు నువ్వు నిలబడతానంటే..."

అక్క అరుస్తుందనుకుని నేను వంటింటి వైపు ఒకడుగు వేశాను. తను అరవలేదు.

"ముందే చెప్పొచ్చుగా" అంది, గొంతు తగ్గించి.

"చెబితే మానేదానివా?"

"మానను."

"మరి?"

అక్క ఆయన చెయ్యి పట్టుకుని లేచింది. మిషన్ చుట్టూ తిప్పి ఒక్కొక్కటే చూపించింది: బ్లేడు మీద కప్పే తొడుగు, కోసిన చెక్క మళ్ళీ మూసుకోకుండా ఆపే రేకు, చెయ్యి దగ్గరికి పోనక్కర్లేకుండా చెక్కని నెట్టే కర్ర. చివరికి గోడ మీది ఎర్ర బటన్ దగ్గర ఆయన్ని నిలబెట్టింది.

"నేను కోస్తున్నప్పుడు మీరిక్కడుండాలి. మీకు భయం వేస్తే ఆపెయ్యండి."

"నాకెప్పుడూ భయమే."

"అందుకే మీరు. స్విచ్ దగ్గర ధైర్యవంతుణ్ణి పెట్టుకుని ఏం చేసుకోను?"

ఆ సాయంత్రమే మొదటి కోత. బెల్టు కదిలి, బ్లేడు పెద్ద ఫ్యానులా హోరుమంది. అక్క కళ్ళద్దాలు బిగించి, మామిడి పలకని మెల్లగా ముందుకు తోసింది. పలక సగమన్నా తెగకుండానే బావగారు బటన్ నొక్కేశారు.

"ఏమైంది?"

"ఏం లేదు. భయమేసింది."

అక్క కోప్పడలేదు. పలకని వెనక్కి తీసి, "సరే, మళ్ళీ వెయ్యండి" అంది. ఆయన మళ్ళీ ఆపారు. ఆ తర్వాతిసారి పలక రెండు ముక్కలై బల్ల మీద ఒదిగింది. అక్క తెగిన అంచుని బొటనవేలితో రాసి చూసుకుని, ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను పల్లీల తొక్కలు ఊడ్చుకుంటూ ఏదో పనున్నట్టు తిరిగాను.

తర్వాత చాలా ఏళ్ళు ఆ మిషన్ నడిచింది. అక్క చేసిన మొదటి స్టూలుకి ఒక కాలు గాలిలో ఉండేది. దాన్ని నాకు బహుమానంగా ఇచ్చారు. పోనుపోను చెయ్యి తిరిగి, చర్చిలో సండే స్కూలు పిల్లలకి చిన్న బెంచీలు చేసింది. గుర్‌గావ్ నుంచి వచ్చిన కూతురు వాటిని చూసి, "మమ్మీ, యే సచ్ మే ఆప్‌నే బనాయా?" అని, నిజంగా నువ్వే చేశావా అన్నట్టు అడిగితే, "మీ నాన్న ఆపకుండా ఉంటే ఇంకా తొందరగా అయ్యేవి" అంది. బయట కారుకి ఎండకి రంగు వెలిసిపోయింది. బావగారు దాని సంగతే మర్చిపోయారు. అక్క కొయ్యాలన్నప్పుడల్లా, ఆయన పేపరు మడిచి పెట్టి బటన్ దగ్గరికి నడిచేవారు.

ఈ మధ్యే ఇల్లు అమ్మి, మెట్లెక్కే పని లేని ఒక అపార్టుమెంటుకి మారారు. మిషన్ని చేతిపని నేర్పే ఒక బడికి ఇచ్చేశారు. నాకా రోజుల్లో అదంతా పాత ఇనుముతో పడిన అవస్థ, మెట్రోలో నిలబడి పోయి వచ్చిన అలసట, అంతే. ఒకరు డ్యూటీ నుంచి వస్తుంటే ఒకరు ఆఫీసుకి పోతూ ఉద్యోగాల్లో గడిపేసిన ఇద్దరు మనుషులు, పక్కపక్కన నిలబడి ఒకరి భయాన్ని ఒకరు చూసుకోవడం అప్పుడే మొదలైందని నాకప్పుడు తట్టలేదు. జరుగుతున్నంతసేపూ అవి మామూలు శనివారాలే. మంచి కాలమని వాటికి పేరు పెట్టుకోవడానికే మనకి ఇన్నేళ్ళు పడుతుంది.