బయట కళాయి వేసిన హెల్మెట్

మొన్న ఆదివారం మా తోడల్లుడింట్లో భోజనం చేసి హాల్లో కూర్చుంటే, అద్దాల బీరువాలో ఉన్న డైవింగ్ హెల్మెట్ మీద చిలుము కనిపించింది. వెనకటి రోజుల్లో నీళ్ళ అడుగున పనిచేసేవాళ్ళు తలకు బిగించుకునే రాగి హెల్మెట్ అది. బిందె అంత ఉంటుంది, మూడు వైపులా ఇత్తడి చట్రాల కిటికీలు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వయసు మీద పడ్డాక తగ్గుతుందనుకున్నాను గానీ, ఆదివారం కూడా మండింది. గోంగూర పచ్చడి ఎక్కువైందని మా ఆవిడతో చెప్పాను.

న్యాయంగా అది నా ఇంట్లో ఉండాలి. పాత డైవింగ్ సామాను పిచ్చి నాది. నీళ్ళలో ఊపిరి పీల్చుకునే రెండు గొట్టాల పాతకాలపు స్కూబా రెగ్యులేటర్ ఒకటి, కాళ్ళకి తొడుక్కునే, గట్టిపడిపోయిన రబ్బరు ఫిన్స్ ఒక జత సంపాదించి, వాటి గురించి దొరికిందల్లా చదివినవాణ్ణి. నాకు ఈత రాదు. కృష్ణలో మోకాళ్ళ లోతు దాటి దిగను. అది వేరే సంగతి. మా తోడల్లుడికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు. చాలా ఏళ్ళ కిందట బందరు వైపు నుంచి వచ్చిన తుక్కులో ఆ హెల్మెట్ ఆయన కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. "కావాలంటే పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ" అన్నాడు కూడా. పట్టుకెళ్ళి ఉంటే సరిపోయేది. నేను ఊరుకోక, మెడ అంచు మీదా, దాని కింద బిగించి ఉన్న ఛాతీ పలక మీదా ఒకే నంబరు ఉందనీ, రెండూ పుట్టుకతో జతేననీ, పైన బూడిదరంగులో మిగిలిన తగరపు కళాయి కంపెనీవాళ్ళు వేసిందేననీ, దాని విలువంతా అందులోనే ఉందనీ అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆయన శ్రద్ధగా విని, హెల్మెట్‌ని ఇంటికి పట్టుకెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి, దాన్ని చూడ్డానికి చెన్నై నుంచి పాత సామాను కొనే పెద్దమనిషి వస్తున్నాడన్నారు. దాని విలువ మొదట గుర్తుపట్టింది ఎవరో ఆయనకి తెలియాలని నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి హెల్మెట్ పెళ్ళివారి బిందెలా ధగధగలాడుతోంది. మా అత్తగారు అప్పట్లో తోడల్లుడింట్లోనే ఉండేవారు. ఇంటికి కొత్తమనిషి వస్తున్నాడని, చింతపండూ ఇటుకపొడీ పెట్టి రెండు పూటలు తోమారట.

"కళాయి గిన్నెకి లోపల వేస్తారు గానీ, బయటేంటి బాబూ? ఎవడో పని రానోడు పూసుంటాడు. మొత్తం వదలగొట్టేశా" అన్నారు నాతో, కొబ్బరి పీచు ఇంకా చేతిలోనే ఉంది.

చెన్నై ఆయన హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, కాఫీ తాగి, "కళాయి ఉండుంటే వేరే సంగతండీ. ఇప్పుడిది షోకేసులో పెట్టుకోవడానికే" అని లేచాడు. లోపల నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా తోడల్లుడి మొహం ఎప్పుడు వాడుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. "ఏమన్నారు బాబూ ఆయన?"

"మీ పనితనం చూసి మతిపోయిందండీ అత్తయ్యగారూ. ఇంతలా మెరిసేదాన్ని ఎక్కడా చూడలేదంట" అన్నాడు మా తోడల్లుడు, తడుముకోకుండా.

ఆవిడ మొహం చూడాలి! పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ హెల్మెట్ చూపించి, చిన్నల్లుడు చెప్పిన ఆ మాట చెప్పుకున్నారు. కళాయి గురించి అంతా తెలిసిన పెద్దల్లుణ్ణి పక్కనే ఉన్నాను. నన్నడిగి ఉంటే, కళాయి ఎందుకు గొప్పదో ఆవిడకి మళ్ళీ అరగంట చెప్పి ఉండేవాణ్ణి.

ఆదివారం, "చిలుము పట్టింది, తోమించరాదుటయ్యా?" అన్నాను. "ఆవిడ తోమిన తర్వాత ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదండీ" అన్నాడు. చూశారా, మళ్ళీ అలాంటి మాటే! ఆవిడ తెచ్చిన మెరుపును కూడా కాలం మాపేసింది గానీ, ఆ మాట నా నోట ఎందుకు రాలేదన్న కుళ్ళును మాత్రం ఇన్నేళ్ళుగా కొత్తదానిలాగే ఉంచింది.