టైపు మిషను ముందు కట్టుకునే చీర

నందిగామ గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చేనాటికి నాకున్న మంచి చీర ఒక్కటే. తెల్లది, సన్నటి నీలం అంచుది, ఆదివారం ప్రార్థనకు కట్టుకునేది. మిగిలినవన్నీ హాస్టల్లో చదువుకున్నప్పటి లంగా ఓణీలు. మొదటిరోజు ఆ తెల్లచీరే కట్టుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కాను.

ఆఫీసులో నా బల్ల తలుపు పక్కనే వేశారు. కాసేపటికి ఒక ముసలాయన లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా చెయ్యి భుజం దాకా పైకి మడిచాడు.

"ఏంటండీ?" అన్నాను.

"సూదెయ్యమ్మా. నిన్న ఎడం చేతికేశారు, ఇయ్యాల కుడి చెయ్యి."

ఆస్పత్రి మా ఆఫీసుకు కాస్త అవతల ఉండేది. ఆయన తలుపు తప్పి వచ్చాడు గానీ, లోపల తెల్లచీర కనిపించేసరికి సరైన చోటికే వచ్చాననుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ వారంలో ఇంకా కొందరు నన్ను "సిస్టర్" అని పిలిచారు. కాగితం టైపు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు సైతం ముందు నన్ను చూసి, ఆఫీసు బోర్డు చూసి, మళ్ళీ నన్ను చూసేవాళ్ళు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మకు నవ్వు రాలేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పత్తి తీతలకూ, మిరపకాయల కోతలకూ వెళ్ళి అమ్మ నన్ను చదివించింది. మా పేటలో ఆడపిల్ల ఆఫీసు కుర్చీలో కూర్చోవడం నాతోనే మొదలు. ఆ కుర్చీ నాకంటే అమ్మకే పెద్దది.

"రంగు చీరలు కట్టు. రేపు ఆ బట్టలాయన్ని పిలుస్తా," అంది.

బట్టలాయన సైకిలు వెనక పెద్ద మూట కట్టుకుని వారానికోసారి మా పేటకు వచ్చేవాడు. మూట విప్పగానే అమ్మ కళ్ళు నైలాన్ చీరల మీద పడ్డాయి. అప్పుడవి కొత్త. చేతిలోకి తీసుకుంటే నీళ్ళలా జారిపోయేవి. ఇస్త్రీ అక్కర్లేదు, పిండి దులిపితే చాలు, ఆరిపోతుందని ఆయన ఒకదాన్ని గుప్పిట్లో నలిపి విదిలించి చూపించాడు. ఒక్క మడత పడలేదు. అమ్మ మూడు ఎంచింది. ఒకటి ఎర్రటి పెద్దపెద్ద పువ్వులున్న పసుపుపచ్చది, ఒకటి గులాబీ రంగుది, ఒకటి చిలకాకుపచ్చది. ఆ పసుపుపచ్చదాన్ని నా భుజం మీద వేసి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. "ఇప్పుడున్నావు ఆఫీసు మనిషిలాగా," అంది.

వేసవి మొదలైంది. పొద్దున్నే చల్లగానే ఉండేది గానీ, బస్సు చిల్లకల్లు దాటి రోడ్డెక్కేసరికి కిటికీలోంచి సెగ కొట్టేది. ఆ చీర ఒంటికి అతుక్కునేది. నిలబడి పోవాల్సి వస్తే ఒక చేత్తో పైకమ్మీ, ఇంకో చేత్తో పైటా పట్టుకోవాలి. భుజం దగ్గర ఎన్ని పిన్నులు పెట్టినా జారేది. నందిగామలో దిగేసరికి కుచ్చిళ్ళు ఎటు పోయాయో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆఫీసులో ఉన్న ఒక్క ఫ్యానూ హెడ్డు క్లర్కు గారి నెత్తిన తిరిగేది. మధ్యాహ్నానికి మెడ కింద చెమటకాయలు లేచి మండేవి. అమ్మకు మాత్రం చెప్పలేదు. సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే ఆమె వాకిట్లో నిలబడి చూసే చూపు చూశాక చెప్పబుద్ధయ్యేది కాదు.

అలా ఉండగా ఒకరోజు బందరు నుంచి పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారన్నారు. పొద్దుటినుంచీ హడావిడి. నేను నాలుగు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి మిషన్లోకి ఎక్కిస్తున్నాను. ఆ రోజు పసుపుపచ్చ చీర కట్టుకున్నాను. ముందుకు వంగడంతో పైట కొస భుజం మీంచి జారి కాగితాలతోపాటు రోలరులోకి పోయింది. నేను చూసుకోలేదు. గబగబా తిప్పేశాను. సరిగ్గా అప్పుడే ఆయన గుమ్మంలోకి వచ్చారు.

ఆఫీసంతా లేచి నిలబడింది. నేను లేవబోయాను, మిషను నన్ను మెడ దగ్గర లాగి కూర్చోబెట్టింది. మళ్ళీ లేచాను. సగంలో ఆగిపోయాను. హెడ్డు క్లర్కు గారు నావైపు ఉరిమి చూశారు.

పై ఆఫీసరు నా బల్ల ముందు ఆగారు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. చీర మిషన్లో పడిందండీ."

ఆయన వంగి చూశారు. మూతి బిగబట్టుకున్నారు గానీ కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి. "ముందు దాన్ని విడిపించుకో. ఉత్తరం తరవాత కొట్టొచ్చు," అని లోపలికి వెళ్ళిపోయారు. మా ఆఫీసులో నాకంటే ముందునుంచీ పనిచేస్తున్న ఆడమనిషి ఒకావిడే. ఆవిడ వచ్చి, నెమ్మదిగా మీట వదులు చేసి, రోలరు వెనక్కి తిప్పి నన్ను విడిపించింది. పువ్వుల మీద నల్లటి కార్బను మరక అరచెయ్యంత పడింది.

అక్కడితో అయిపోతే నేను కూడా నవ్వుకుందును. మధ్యాహ్నం మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్తుంటే బీరువా అవతలనుంచి ఒక గుమాస్తా గొంతు వినిపించింది. "కొత్తగా జీతాలు చూసినోళ్ళకి తళుకులెక్కువ గదండీ." ఇంకెవరో కిసుక్కుమన్నారు. నేను గ్లాసు ముంచకుండానే వెనక్కి వచ్చేశాను.

సీనియరావిడ ఎప్పుడూ నేత చీరలే కట్టుకునేది. చుట్టూ పొలాలున్న పెద్దింటి మనిషి. మాపుకు ఆగే ముదురు రంగులు, మోచేతుల దాకా జాకెట్టు, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఎంత పని చేసినా సాయంత్రం దాకా చీర చెదిరేది కాదు. ఆఫీసులో అందరూ "ఆవిడెంత సాదాసీదా మనిషో" అనేవాళ్ళు. ఆ సాయంత్రం బస్టాండుకు నడుస్తూ ఆవిడ్నే అడిగాను.

"మీరెక్కడ కొంటారండీ చీరలు?"

"సొసైటీ షాపులో అమ్మాయ్. మంగళగిరివి వస్తయ్. ఆరు చీరలుంటే ఆఫీసుకు చాలు. జాకెట్లు మూడు చాలు, నల్లదీ మెరూనుదీ గంధం రంగుదీ కుట్టించుకో, అన్నిట్లోకీ కలుస్తయ్. రేపు పోదామా?"

ఆ రాత్రి అన్నం తింటూ అమ్మతో మొత్తం చెప్పాను, బీరువా వెనక మాట కూడా. నేత చీర కొనుక్కుంటానన్నాను. అమ్మ కలిపిన ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఆవిడ నేత చీర కట్టుకుంటే సాదాసీదా అంటారు. నువ్వు కట్టుకుంటే లేక కట్టుకుందంటారు. ఆవిడ గోనెపట్టా చుట్టుకున్నా ఎవరింటి మనిషో అందరికీ తెలుసు. నిన్నెవరు చూస్తారు? నీ చీరనే చూస్తారు."

"మెరిసేది కట్టుకున్నా అంటున్నారు గదమ్మా."

"అననీ. లేదనే మాట కంటే తళుకనే మాట నయం. లేదన్న మాట నేను పడ్డా, నువ్వు పడొద్దు."

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. మా పేటలో ఎవరూ సాదాసీదాగా ఉండాలని ఉండలేదు, ఉన్నది అంతే కాబట్టి ఉన్నారు. అయినా నా మెడ మీద చెమటకాయలు కూడా అబద్ధం కాదు. మర్నాడు సీనియరావిడతో వెళ్ళి వంకాయ రంగు చీర, చిన్న గళ్ళది, ఒకటి తెచ్చుకున్నాను.

అమ్మ దాని వంక చూడలేదు. ఒకసారి ఉతికేసరికి అది మెత్తబడి నలిగిపోయి, నిజంగానే పాత చీరలా తయారైంది. అది కట్టుకుని బస్టాపులో నిలబడితే, అమ్మతో కోతలకెళ్ళే ఒకామె పలకరించింది. "ఏంటమ్మాయ్, ఇంకా జీతం రాలేదా?"

ఆ మాట నాకంటే ముందు ఇల్లు చేరింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి పొయ్యి మీద గంజి కాగుతోంది.

"కట్టుకుంటే కట్టుకున్నావుగానీ, పెళపెళలాడాలి," అంది.

మొదటిసారి గంజి చిక్కనైపోయింది. చీర ఆరాక తడికలా నిలబడింది. కట్టుకుంటే నాకు రెండింతలైంది. బస్సులో కూర్చుంటే నా కుచ్చిళ్ళు పక్కావిడ ఒళ్ళోకి పోయాయి. ఆవిడ వాటిని నెట్టేకొద్దీ అవి తిరిగొచ్చేవి. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే, చాలా రోజుల తరవాత అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వింది. ఆ పైవారంనుంచి గంజి పలచన చేసింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కింటినుంచి తెచ్చుకుని ఆదివారం సాయంత్రం ఇద్దరం చెరో కొసా పట్టుకునేవాళ్ళం.

ఇక జాకెట్టు సంగతి. నందిగామలో దర్జీ చంకల దగ్గర బిగుతుగా కుట్టేవాడు. రోజంతా టైపు కొడితే అక్కడ ఒరుసుకుపోయేది. వదులుగా కావాలంటే ఆయన ఒప్పుకోలేదు.

"వదులు పెడితే ముసలమ్మల జాకెట్టంటారమ్మా. నా పేరు పోతుంది."

"మీ పేరు నేనెవరికీ చెప్పనులెండి," అన్నాను. ఆయన నవ్వేసి, నా చేత గాల్లో టైపు కొట్టించి మరీ కొలత తీసుకున్నాడు. ఆ తరవాత నా జాకెట్లన్నీ అదే కొలత. లోపలి లంగాకు కుడివైపు అమ్మ చేత్తో ఒక జేబు కుట్టింది, బస్సు చిల్లరకూ చేతిరుమాలుకూ. జీతం వచ్చినప్పుడల్లా కాకపోయినా, వీలైనప్పుడు ఒక్కో చీర చేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే ఏది కట్టుకోవాలా అన్న ఆలోచనే పోయింది. వరసలో పైనున్నది తీసి కట్టుకోవడమే.

అమ్మ మాత్రం మనసులో ఒప్పుకోలేదు. గంజి పెట్టేది, మడతలు సర్దేది, కానీ నన్ను సాగనంపేటప్పుడు చూపు పక్కకు తిప్పుకునేది.

ఆ మరుసటి వేసవిలో అమ్మ కంటికి పొర వచ్చిందేమోనని నందిగామ ఆస్పత్రిలో చూపించుకోవాల్సి వచ్చింది. పని కాగానే ఆఫీసుకు రమ్మంటే, "నేనెందుకులే, బస్టాండులో కూర్చుంటా," అంది. నేను పట్టుబట్టాను. చివరికి వచ్చింది. తలెత్తి చూసేసరికి గుమ్మంలో ఎర్రపువ్వుల పసుపుపచ్చ చీర. కార్బను మరక కనిపించకుండా లోపలికి మడిచి కట్టుకుంది. మొహమంతా చెమట. లోపలికి రావాలా వద్దా అని గడప దగ్గరే ఆగిపోయింది.

నేను లేచి ఎదురెళ్ళాను. "మా అమ్మండీ," అన్నాను అందరికీ వినిపించేటట్టు.

సీనియరావిడ తన పక్కనున్న కుర్చీ జరిపింది. అమ్మ కూర్చోకుండా నావైపు చూసింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అంచునే కూర్చుంది. ఫ్యాను గాలి తగలడానికి హెడ్డు క్లర్కు గారే కుర్చీ తనవైపు లాక్కోమన్నారు. టీ వచ్చింది. అందరికీ ఇచ్చిన గాజుగ్లాసులోనే ఇచ్చారు. అమ్మ దాన్ని ఒకసారి తిప్పి చూసి తాగింది.

ఆ గంటలో నా దగ్గరికి మనుషులు వస్తూనే ఉన్నారు. "టైపిస్టు గారూ, మా కాగితం అయిందా అండీ?" "టైపిస్టు గారూ, ఇక్కడ పేరు తప్పు పడిందండీ." కోటు వేసుకున్న ప్లీడరు గుమాస్తా ఒకాయన కూడా నిలబడే మాట్లాడాడు. నేనా రోజు కట్టుకున్నది ఆ మొదటి వంకాయ రంగు చీర, అప్పటికి కాస్త వెలిసింది. అమ్మ వాళ్ళనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకుంది. చిల్లకల్లు దగ్గర పడుతుండగా పైట మెడ దగ్గర లాక్కుంటూ, "ఒళ్ళంతా ఉడికిపోయిందే. అన్నాళ్ళూ ఇది ఎట్టా కట్టావే నువ్వు?" అంది.

"నువ్వు ఎంచావు గదా."

"చెప్పొచ్చుగా మరి."

మళ్ళీ తనే అడిగింది. "నాకు కట్టుకోను ఉంటయ్యా ఆ షాపులో? అంచు మటుకు కాస్త ఎడల్పుండాలి."

తరవాతి శనివారం సగంరోజు ఆఫీసు కాగానే అమ్మను సొసైటీ షాపుకు తీసుకెళ్ళాను. నేను పొలాల్లో మాపుకు ఆగేవి, మట్టి రంగువి తీయించాను. అమ్మ వాటిని పక్కకు నెట్టింది. ఒక్కో చీరా వెలుతురులోకి తీసుకెళ్ళి, అంచు వేళ్ళమధ్య నలిపి, చెంపకు ఆనించుకుని చూసింది. షాపతను విసుక్కోబోయి ఆమె శ్రద్ధ చూసి ఊరుకున్నాడు. చివరికి నెమలికంఠం రంగుది, ఎర్రంచుది తీసింది.

"ఇది ఆదివారానికి," అంది. "కోతకు కాదు."

"గంజి ఎంత పెడదాం?" అన్నాను.

"నా చీర సంగతి నేను చూసుకుంటాలే," అంది అమ్మ. పొట్లం నా చేతికివ్వకుండా తన చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.